పిత్తనాళాన్ని చూపే వెలుగు

పిత్తాశయాన్ని తొలగించేటప్పుడు సర్జన్‌కు ముందుగా తెలియాల్సింది, తాను కత్తిరించబోయే నాళం ఏదన్నదే. పిత్తాశయ నాళం అనుకుని ప్రధాన పిత్తనాళాన్ని కోస్తే రోగి ఏళ్ల తరబడి బాధపడాల్సి రావచ్చు.

1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారి పిత్తాశయాన్ని తొలగించారు. 1931లో అర్జెంటీనా సర్జన్ పాబ్లో మిరిజ్జి ఆపరేషన్ మధ్యలోనే నాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. అయితే ఆ మందు ఎక్కించాలంటే ముందుగా ఏదో ఒక నాళాన్ని తెరవక తప్పదు.

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తీశారు. 1990లో ముంబయిలో తెహెమ్‌టన్ ఉద్వాడియా ఈ పద్ధతిని భారత్‌లో ప్రారంభించారు. కోత చిన్నదైంది, రోగి త్వరగా కోలుకోసాగాడు. కానీ తొలి రోజుల్లో నాళాలకు గాయాలు పెరిగాయి. అందుకే 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం, పిత్తాశయంలోకి వెళ్లే రెండు నిర్మాణాలు మాత్రమే స్పష్టంగా కనిపించాకే కత్తిరించాలనే నియమాన్ని ముందుకు తెచ్చింది.

ఆ చూపుకు తోడుగా వచ్చింది ఇండోసయనిన్ గ్రీన్. 1950లలో కొడాక్ పరిశోధనశాలలో రూపొందిన ఈ రంగుకు అమెరికాలో 1959లో అనుమతి లభించింది. నరంలోకి ఇస్తే కాలేయం దాన్ని గ్రహించి పిత్తరసంలోకి వదులుతుంది. పరారుణ కాంతి సోకగానే నాళాలు తెరపై మెరుస్తాయి. ఎక్స్‌రే అక్కర్లేదు, నాళాన్ని తెరవనక్కర్లేదు. టోక్యోలో ఇషిజావా బృందం 52 మంది రోగులపై ఈ పద్ధతిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. 2019లో వెలువడిన 639 మంది అధ్యయనంలో, మామూలు కాంతిలో కంటే ఈ వెలుగులోనే నాళాలు మెరుగ్గా కనిపించాయి.

ఈ వెలుగు అవసరమూ, పరిమితీ రెండూ కువైట్ లాంటి దేశంలో స్పష్టమవుతాయి. నేడు స్థూలకాయం అత్యధికంగా ఉన్న దేశాల్లో అదొకటి. బరువు తగ్గించే ఆపరేషన్లూ అక్కడ ఎక్కువే. స్థూలకాయం వల్లే కాదు, వేగంగా బరువు తగ్గడం వల్ల కూడా పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. అయితే ఈ వెలుగు కణజాలంలో ఒక సెంటీమీటరు లోతు కూడా దాటదు. మందపాటి కొవ్వు కింద నాళం మెరుపు మసకబారుతుంది. 2019 అధ్యయనంలోనూ బరువు పెరిగేకొద్దీ నాళాలను గుర్తించడం కష్టమైంది. అందువల్ల అవసరం ఎక్కువగా ఉన్న రోగుల్లోనే దీని పరిమితి కూడా బయటపడుతుంది. కొవ్వును ఓపికగా వేరుచేసి, స్ట్రాస్‌బర్గ్ నియమాన్ని పాటించే సర్జన్ చేతిలోనే ఈ వెలుగు రోగిని కాపాడుతుంది.