ఓడ జాబితాలలో లేని తల్లులు

వంశచరిత్రలు వ్రాయబూనువారు సామాన్యముగా రెండు కోరికలతో బయలుదేరుదురు. పూర్వులలో గొప్పవా డొక్కడైన కనబడవలె ననునది మొదటిది. తండ్రినుండి తాతకు, తాతనుండి ముత్తాతకు పేర్లు తెగని త్రాడువలె దొరకవలె ననునది రెండవది. అమెరికాలో తొలుత స్థిరపడిన జర్మను భాషీయుల సంతతివారు తమ మూలములను వెదకికొనిన విధము పరిశీలించినచో, ఈ కోరికలు ఎంతవరకు నెరవేరునో, వాని చాటున మరుగుపడున దేమో తెలియగలదు.

1683 అక్టోబరులో క్రెఫెల్డు పట్టణమునుండి 13 కుటుంబములు కాంకర్డు అను నోడలో ఫిలడెల్ఫియా చేరినవి. వారు నెలకొల్పిన గ్రామమే జర్మన్‌టౌను. 1709లో రైను నదీతీరమందలి పాలటినేటు సీమ ప్రజలు వేలకొలదిగా, యుద్ధములచేతను, పన్నులచేతను, ఆ యేటి ఘోరమైన చలిచేతను పీడితులై లండనునకు వచ్చిరి. వారిలో సుమారు 3000 మందిని ఇంగ్లీషు ప్రభుత్వము 1710లో న్యూయార్కునకు పంపి, పైను చెట్లనుండి నౌకల కుపయోగించు తారు తీయు పనిలో నియమించెను. 1712లో ఆ ప్రయత్నము విఫల మయ్యెను. పిదప వచ్చినవారిలో హెచ్చుమంది పెన్సిల్వేనియా చేరిరి.

పరదేశీయు లింతమంది వచ్చుట చూచి పెన్సిల్వేనియా ప్రభుత్వము జంకెను. కావున ఓడ దిగిన పురుషులు ఇంగ్లండు రాజునకు విధేయులై యుందుమని ప్రమాణముచేసి సంతకము చేయవలెనని 1727లో నియమ మేర్పడెను. ఆ జాబితాలను, 1808 వరకు గల తరువాతి జాబితాలతో గూడ, స్ట్రాస్‌బర్గరు, హింకె అను పండితులు 1934లో ప్రకటించిరి. వంశశోధకులకు అవియే మూలధనము. కాని ప్రమాణపు జాబితాలలో నున్నవి పదునారేండ్లు దాటిన పురుషుల పేర్లు మాత్రమే. ప్రభుత్వము భయపడినది పురుషులను గూర్చి గనుక పురుషులనే లెక్కించెను. వారి ప్రక్కనే ఓడ దిగిన భార్యలకును బిడ్డలకును అచట చోటు లేదు. అమెరికా జనాభా లెక్కలును 1790 మొదలు 1840 వరకు గృహయజమాని పేరునే వ్రాసి, తక్కినవారిని అంకెలుగా చూపినవి. స్వతంత్రు లందరి పేర్లును వ్రాయుట 1850లో గాని మొదలు కాలేదు. బానిసల పేర్లు సాధారణముగా అప్పుడును వ్రాయబడలేదు.

పురుషుల పేర్లైనను పోల్చుకొనుట సులభము కాదు. చదువురానివాడు గుర్తు పెట్టగా, గుమాస్తా తన చెవికి తోచినట్లు పేరు వ్రాసికొనెను. కాలక్రమమున ష్మిట్ స్మిత్తయ్యెను, మ్యుల్లరు మిల్లరయ్యెను, వడ్రంగి యను నర్థముగల జిమ్మర్మాను, ఇంగ్లీషులో నదే యర్థముగల కార్పెంటరయ్యెను. అదియుగాక, కుమారు లందరికిని యోహాను అను పేరే ముందుంచి, రెండవ పేరుతో పిలుచు నాచారము వారిలో మిక్కిలిగా నుండెను. ఈ సంగతి నెరుగనివాడు నలుగురు అన్నదమ్ములను ఒక్కనిగా భ్రమించును.

ఈ చిక్కును విడదీయునవి క్రైస్తవ దేవాలయముల పుస్తకములు. బాప్తిస్మము వ్రాసినచోట తరచుగా తల్లి పేరును, బిడ్డకు పూచీపడిన స్త్రీపురుషుల పేర్లును గలవు. ఈ పూచీదారులు పెక్కుసారులు బంధువులు, లేదా స్వదేశమున నొకే యూరివారు. ఇంటిపేరునకు 'ఇన్' చేర్చి, మ్యుల్లరు ఇంటి స్త్రీని మ్యుల్లరిన్ అని వ్రాయుట ఆనాటి వాడుక. రాజు ప్రమాణపత్రము మరచిన తల్లి ఇట్లు పొరుగింటి బిడ్డ బాప్తిస్మమున కానవచ్చును. ముప్పదియేండ్ల యుద్ధమునను (1618–1648), 1689లో ఫ్రెంచి సైన్యములు పాలటినేటును తగులబెట్టినప్పుడును స్వదేశమున నెన్నియో పుస్తకములు నశించినవి. అయినను, ఒక్కనినే వెంబడింపక ఇరుగుపొరుగువారి నందరిని కలిపి వెదకినవారికి దారి దొరకినది. 1710లో న్యూయార్కు చేరిన వలస కుటుంబములు 847టిని హెన్రీ జోన్సు ఈ రీతిని పరిశోధించి 1985లో గ్రంథము ప్రకటించిరి.

ఇంతగా వెదకిన పిమ్మట కనబడువారు ప్రభువులా? పెక్కుచోట్ల గారు. ఓడకేవు చెల్లింపలేక, కొన్నియేండ్ల సేవకు తమ్ము తాము అమ్ముకొన్నవారు వారిలో ననేకులు. తలిదండ్రులే బిడ్డలను సేవ కప్పగించి ఋణము తీర్చుకొనుటను మిట్టెల్‌బెర్గరు 1756లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున వర్ణించెను. ఇట్టివారిని రక్షించుటకే ఫిలడెల్ఫియాలోని జర్మనులు 1764లో నొక సంఘము స్థాపించిరి. ఇక గొప్పతన మందురా, జర్మన్‌టౌను నివాసులు నలుగురు 1688లోనే, మనుష్యులను కొని అమ్ముట అన్యాయమని వ్రాసి సంతకములు చేసిరి. ఆనాటి మతసభలు దానిని ప్రక్కకు నెట్టినవి. అట్టి ధర్మబుద్ధి రక్తముతో సంక్రమించునది కాదు. దానిని తిరిగి ఆచరించినవాడే దానికి వారసుడు.

కావున వంశావళి వ్రాయబూనువారు పురుషుల పేర్ల పట్టీతో తృప్తిపడరాదు. ఆ పట్టీ, ఎవరు జీవించిరో చెప్పదు. అధికారులు ఎవరిని లెక్కింప దలచిరో చెప్పును. మన యిండ్లలో ముత్తవ్వల పేర్లు తెలిసిన వృద్ధురాండ్రు ఇంకను గలరు. వారిని నేడే యడిగి, తల్లుల పేర్లను, వారి పుట్టినిండ్లను వ్రాసి యుంచుట మంచిది. లేనిచో మన మనుమలు పరుల పుస్తకములలో, ఎవరి బిడ్డ బాప్తిస్మమునందో వెదకినట్లు, తమ తల్లులను వెదకవలసి వచ్చును.