ట్రాపికల్ స్ప్రూ: పరిశోధన, చికిత్సల చరిత్ర

ట్రాపికల్ స్ప్రూ ఉష్ణమండల ప్రాంతాల్లో కనిపించే చిన్నపేగు వ్యాధి. తెలుగునాట దీన్ని సంగ్రహణి అనే పేరుతో చెప్పుకుంటూ వచ్చారు. నెలల తరబడి విడవని విరేచనాలు, జిడ్డుగా దుర్వాసనతో పడే మలం, నోటిపూత, ఎర్రగా పుండుబారిన నాలుక, కడుపుబ్బరం, రక్తహీనత దీని ముఖ్య లక్షణాలు. తిన్నది ఒంటబట్టక రోగి చిక్కి శల్యమవుతాడు. సరైన మందు లేని కాలంలో ఇది ఎందరినో బలిగొంది. దీని మీద సాగిన పరిశోధన రెండు దారుల్లో నడిచింది. ఒకటి పోషక లోపాన్ని వెతికింది, రెండోది సూక్ష్మజీవులను వెతికింది. ఆ రెండు దారులూ కలిసిన చోట తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు కనిపిస్తుంది.

తొలి వర్ణనలు

చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణి దోషానిది. జఠరాగ్నికి నెలవైన గ్రహణి బలహీనపడితే ఆహారం సరిగా అరగక బయటికి పోతుందని అందులో వివరణ ఉంది. నేటి వైద్యం వేరువేరుగా చూసే అనేక పేగు జబ్బులు ఆ పేరు కిందికి వస్తాయి. ఐరోపా వైద్యంలో తొలి స్పష్టమైన వర్ణన విలియం హిల్లరీది. బార్బడోస్ దీవిలో వైద్యం చేసిన ఆయన 1759లో అచ్చయిన గ్రంథంలో నోటిపూతతో కూడిన దీర్ఘకాల విరేచనాల గురించి రాశాడు. 1880లో చైనాలో పాట్రిక్ మాన్సన్, జావాలో వాన్ డెర్ బర్గ్ విడివిడిగా దీన్ని వర్ణించాక వైద్య ప్రపంచం ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది.

కారణం మాత్రం అంతుచిక్కలేదు. ప్యూర్టో రికోలో బెయిలీ ఆష్‌ఫర్డ్ ఒక రకం ఈస్టే దీనికి మూలమని భావించాడు. ఆ వాదన నిలబడలేదు. అప్పట్లో చికిత్స అంటే పాలు మాత్రమే తాగించే కఠిన పథ్యం, విశ్రాంతి, వీలైతే చల్లని దేశానికి పంపడం.

రక్తహీనత చూపిన దారి

1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనత ఆమె పరిశోధనాంశం. ఆ స్త్రీల ఎర్రరక్తకణాలు మామూలుకన్నా పెద్దవిగా ఉండేవి. ముందు అంటువ్యాధి కోసం వెతికి, అది కాదని తేలాక వాళ్ల తిండి మీద దృష్టి పెట్టింది. మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారం తినిపిస్తే కొద్ది రోజుల్లోనే రక్తం పుంజుకోవడం గమనించి 1931లో ప్రకటించింది. స్ప్రూ రోగుల్లోనూ ఇలాంటి రక్తహీనతే ఉంటుంది. మార్మైట్‌లో పనిచేసిన ఆ పోషకాన్ని 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పిలిచారు.

యల్లాప్రగడ సుబ్బారావు కృషి

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుకు ఈ జబ్బు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను అది పొట్టనబెట్టుకుంది. ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డాడు. 1923లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం బోస్టన్ చేరాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఆ సంస్థలో స్టోక్‌స్టాడ్ 1943లో ఫోలిక్ ఆమ్లాన్ని స్ఫటిక రూపంలో రాబట్టాడు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టన్నుల కొద్దీ ఆకుకూర నుంచి పిసరంత దొరికే పదార్థం అలా మాత్రగా మారింది. టామ్ స్పైస్ అనే వైద్యుడి బృందం దాన్ని క్యూబా, ప్యూర్టో రికోలలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూసింది. నాలుక పుండ్లు మానాయి, ఆకలి తిరిగొచ్చింది, రక్తం పెరిగింది.

అయితే పేగు అందరిలోనూ పూర్తిగా బాగుపడలేదు. మిగిలిన సగం జవాబు కూడా అదే ప్రయోగశాలలో తయారైంది. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ బంగారు రంగు యాంటీబయాటిక్‌ను వెలికితీశాడు. ఆరియోమైసిన్ పేరుతో 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్‌లు జోడీగా ఈ జబ్బుకు ప్రామాణిక చికిత్స కావడాన్ని ఆయన చూడలేదు.

పేగు లోపలికి చూపు

1957లో విలియం క్రాస్బీ, హైంజ్ కుగ్లర్‌తో కలిసి ఒక చిన్న లోహపు గుళికను రూపొందించాడు. సన్నటి గొట్టం చివర బిగించిన ఆ గుళికను రోగి మింగుతాడు. అది చిన్నపేగుకు చేరిందని ఎక్స్‌రేలో చూసుకుని, బయట సిరంజితో గాలి లాగుతారు. పేగు పొర గుళిక రంధ్రంలోకి వస్తుంది, లోపలి స్ప్రింగు కత్తి కదిలి చిన్న ముక్కను కోస్తుంది. పొట్ట కోయకుండానే నమూనా చేతికొచ్చింది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు స్ప్రూ రోగుల్లో కురచబారి, మొద్దుబారి ఉండటం సూక్ష్మదర్శిని కింద కనిపించింది.

సీలియాక్ వ్యాధిలోనూ పేగు పొర ఇలాగే దెబ్బతింటుంది. దానికి గోధుమల్లోని గ్లూటెన్ కారణమని డచ్ వైద్యుడు విలెమ్ డికె, ఆయన సహచరులు 1950ల ఆరంభంలో నిరూపించారు. గ్లూటెన్ మానేసినా ట్రాపికల్ స్ప్రూ తగ్గదు. ఇది ఫోలిక్ ఆమ్లం ఒంటబట్టే పైభాగాన్నే కాక, బి12 విటమిన్‌ను గ్రహించే చిన్నపేగు చివరి భాగాన్నీ దెబ్బతీస్తుంది.

దక్షిణ భారతంలో కీలకమైన పరిశోధన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగింది. 1960ల ఆరంభంలో చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న ఉత్తర ఆర్కాడు పల్లెల్లో వ్యాధి ప్రబలినప్పుడు సెల్విన్ బేకర్, వి.ఐ. మథన్ అధ్యయనం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలోని సైనికుల్లోనూ ఇలాగే ప్రబలింది. ఇలా గుంపులుగా రావడం అంటు కారణానికి బలం చేకూర్చింది. 1965లో ప్యూర్టో రికో వైద్యులు నెలల పాటు టెట్రాసైక్లిన్ ఇస్తే పేగు పొర కోలుకుంటుందని చూపారు. చిన్నపేగులో తిష్ఠవేసే బాక్టీరియా, వాటి విషాలు పొరను దెబ్బతీస్తాయని ఫ్రెడరిక్ క్లిప్‌స్టీన్ పరిశోధనలు సూచించాయి. కరీబియన్ రోగుల్లో కనిపించినంత స్పష్టమైన గుణం దక్షిణ భారత రోగుల్లో కనిపించలేదు. ఒకే క్రిమిని దోషిగా తేల్చడమూ సాధ్యపడలేదు.

ప్రస్తుత స్థితి

ఫోలిక్ ఆమ్లం, మూడు నుంచి ఆరు నెలల టెట్రాసైక్లిన్, అవసరమైతే బి12 ఇంజెక్షన్లు నేటికీ వాడుకలో ఉన్న చికిత్స. పెద్ద ఎత్తున ప్రబలడం అరుదైంది. మంచినీరు, పారిశుద్ధ్యం మెరుగుపడటం, విరేచనాలకు యాంటీబయాటిక్స్ త్వరగా అందడం అందుకు కారణాలని భావిస్తున్నారు. అయినా అపరిశుభ్ర పరిసరాల్లో పెరిగే పిల్లల్లో, విరేచనాలు లేకపోయినా, పేగు పొర దెబ్బతిని ఎదుగుదల కుంటుపడటం నేటి పెద్ద సమస్య. 2009లో మొదలై వేలూరుతో సహా ఎనిమిది దేశాల్లోని కేంద్రాల్లో సాగిన మాల్-ఎడ్ అధ్యయనం దీన్నే పరిశీలించింది. స్ప్రూ చరిత్ర నేర్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది: పిల్లల పళ్లెంలోకి పోషకాలు చేర్చడం ఎంత ముఖ్యమో, వాటిని పీల్చుకునే పేగును మురికి నీటి నుంచి కాపాడటమూ అంతే ముఖ్యం.