పాత దూలముల పరీక్ష

మన సదుమునకు తూర్పున చంద్రగిరి, నైరుతిని బెంగుళూరు. రెంటను రాచనగరులు గలవు. కట్టడమున నొకదాని కొకటి చుక్కెదురు. చంద్రగిరి రాజమహలు ఇటుక, రాయి, సున్నములతో లేచిన మూడంతస్తుల మేడ. అందు కొయ్య వాడలేదందురు. బెంగుళూరున హైదరాలీ మొదలిడగా టిప్పూ సుల్తాను 1791లో ముగించిన వేసవి నగరు టేకు స్తంభములపై నిలిచినది. కొయ్య మన్నదను వారు ఆ స్తంభముల పాదములను చూడవలెను. అవి నేలను తాకవు. రాతి దిమ్మెలపై నున్నవి. నేలతేమ ఎక్కదు, నలుప్రక్కల గాలి యాడును. జపానునందలి హోర్యూజీ బౌద్ధవిహారపు కొయ్య కట్టడములు 1300 ఏండ్లు దాటియు నిలిచియున్నవి; చెడిన భాగమును మాత్రమే తీసి క్రొత్తది అతుకుట అక్కడి వడ్రంగుల సంప్రదాయము.

మన పూర్వులకును కొయ్య గుణము తెలియును. విగ్రహమునకు మ్రాను నెంచునపుడు పిడుగుపడినది, గాలికి విరిగినది కూడదని వరాహమిహిరుడు బృహత్సంహితయందు వ్రాసెను. శకునము మాట యట్లుండనిండు. అట్టి మ్రానులో కంటికి కానరాని పగుళ్లుండుట సహజమే గదా.

ఇక మన మిద్దెలు, చావడులు. వానలకు ముందు మిద్దెపై మన్ను పోయుట మనకు వాడుక. పాతమన్ను తీయుట మాత్రము వాడుక గాదు. 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల గదిపై 10 సెంటీమీటర్ల మన్ను అదనముగ చేరినచో దాని బరువు సుమారు 3 టన్నులు. తడిసిన నింకను హెచ్చు. పిదప దూలము వంగినదని కొయ్యను నిందింతుము!

దూలమున మొదట చెడునది గోడలో దూరిన కొన. అచ్చటనే తేమ చేరును, అచ్చటనే చెదలు పుట్టును. కొయ్యసుత్తితో తట్టిన, గట్టికొయ్య ఖంగున పలుకును, డొల్లకొయ్య బొదబొదలాడును. అనుమానమున్న చోట దబ్బనము గ్రుచ్చి చూడవలెను. నిలువునా పోయిన పగులు చాలవఱకు ఆరుటవలన గలిగినదే, అంతగా భయము లేదు. నడుమ, అడుగువైపున అడ్డముగ పగిలినచో వెంటనే పోటు పెట్టవలెను. నేడు సన్నని సూదిని లోనికి త్రిప్పి, అది ఎదుర్కొను బిగువును గీతగా వ్రాసిచూపు యంత్రములును వచ్చినవి.

దూలపు ఎత్తు రెండింతలైన బలము నాలుగింతలని 1638లో గెలీలియో గ్రంథస్థము చేసెను. తిరుగవేసి చూడుడు: చెదలు తిని ఎత్తు సగమైన దూలమున మిగిలినది పాతికవంతు బలమే. రంగు పూసి దాని దాచుట నా దృష్టిలో ప్రాణాంతకము. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలినది. అది కొయ్యవలన గాదు గాని, పగుళ్లు ముందే కనబడినవి.

అట్లని దూలము మొత్తము పెఱికి, పాత టేకు వర్తకునకు అమ్మి, సిమెంటు కప్పు వేయుట నాకు సమ్మతము గాదు. కొన చెడిన కొనయే కోసి, బాగుగ ఆరిన అదేజాతి కొయ్యను ఏటవాలుగ అతికి మరలు బిగింపవచ్చును. ఇరుప్రక్కల ఉక్కుపట్టీలు వేయవచ్చును. గోడరంధ్రమును సిమెంటుతో మూయరాదు, కొనచుట్టు గాలికి వ్రేలెడు సందు విడువవలెను. అన్నిటికంటె ముందు పైమన్ను దింపించుడు. ఎండలు మెండుగనున్న వైశాఖమాసమే ఈ పనికి అనువు.