బందరు యాత్రలో పిల్లలకు చూపవలసినవి

కొన్ని సంవత్సరాల క్రితం మేము సండే స్కూలు పిల్లలను బస్సులో బెజవాడ నుండి బందరు తీసుకొని వెళ్ళాము. అందరి ధ్యాసా మంగినపూడి సముద్రం మీదనే. ఊరిలో డచ్చివారి సమాధుల వద్ద పది నిమిషాలు మాత్రం ఆగాము. ఒక పిల్లవాడు రాతి పలక మీద అక్షరాలను వ్రేలితో తడుముతూ, "అయ్యగారూ, వీళ్ళెవరు? ఇంత దూరం వచ్చి ఎందుకు చనిపోయారు?" అని అడిగాడు. మాకు జవాబు తెలియలేదు. "పద బాబూ, ఆలస్యమవుతోంది" అని బస్సు ఎక్కించాము. వేదాంత కళాశాలలో ఐరోపా సంఘ చరిత్ర చదివి పరీక్షలు వ్రాసిన మేము, డెబ్బది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి చరిత్ర చెప్పలేకపోయామే అని ఆ రాత్రి సిగ్గుపడ్డాము. తరువాత చదివి తెలుసుకొన్నది, విహారయాత్రలకు వెళ్ళే సంఘాలవారికి ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ పిల్లవాడికి మేము చెప్పవలసిన జవాబు ఇది: వారు మన బట్ట కోసం వచ్చారు. ఈ తీరాన్ని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు మసాలియా అని పేర్కొని, ఇక్కడి సన్నని నూలు బట్టలను గురించి వ్రాశాడు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో బందరు వారి ముఖ్యమైన ఓడరేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడికి వచ్చారు. మన నేతగాళ్ళ బట్టలను తూర్పు దీవులకు తీసుకొని వెళ్ళి, వాటికి మారుగా సుగంధ ద్రవ్యాలు కొనేవారు. కనుక సమాధులు చూపిన పిదప పిల్లలను పెడన కూడా తీసుకొని వెళ్ళండి. చెక్క అచ్చులు, కరక్కాయ, పటిక, ఇనుము, బెల్లం, చెట్ల రంగులతో కలంకారీ బట్ట తయారగుట అక్కడ కండ్లారా చూడవచ్చు. 2008లో ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బందరు కోట 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రి వేళ దాడి చేసి దానిని పట్టుకొన్నాడు. ఇప్పుడు శిథిలాలే మిగిలి ఉన్నవి.

కోటకంటె ఎక్కువసేపు నిలిచి చెప్పవలసినది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సంగతి. తుఫానులో సముద్రం ఊరిమీదికి వచ్చి, సుమారు 30,000 మంది ప్రాణాలు తీసింది. షార్కీ దొరసానిగారి పాఠశాలలో చదువుకొనే బాలికలు కూడా ఆ నీటిలో కొట్టుకొనిపోయారు. వారు మన సండే స్కూలు పిల్లల ఈడువారే.

ఆ ఊరిలోనే రాబర్ట్ నోబుల్ దొరగారు 1841లో అడుగుపెట్టి, 1843లో పాఠశాల ప్రారంభించారు. 1852లో విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందగా, తల్లిదండ్రులు పిల్లలను మానిపించారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఆయన బడి మూయలేదు. మెల్లగా పిల్లలు తిరిగి వచ్చారు. స్వదేశం ఒక్కసారి కూడా వెళ్ళకుండా 1865లో బందరులోనే కన్నుమూశారు. నోబుల్ కళాశాల ఆయన పేరును నిలుపుతున్నది.

బందరు చరిత్ర అంతా దొరల చరిత్రే అని పిల్లలు అనుకొనకూడదు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు పుట్టినది ఈ ఊరిలోనే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

చివరకు మంగినపూడి వెళ్ళండి. నీటిలోకి దిగకముందే 1864 సంగతి, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి చెప్పండి. సముద్రం ఆటస్థలం కాదని పిల్లలు గ్రహిస్తారు. మోకాలి లోతు దాటనివ్వకండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టండి. తెల్లవారుజామున బయలుదేరితే ఇదంతా ఒక్క రోజులో చూడవచ్చు. అయితే పెద్దలు ముందుగా చదువుకొని వెళ్ళాలి. బస్సు బాడుగ, భోజనం పొట్లాలు ఏర్పాటు చేసుకొన్నంత శ్రద్ధ దీనికీ కావాలి.

ఆ పిల్లవాడి తండ్రికి బదిలీ అయి, ఆ కుటుంబం వేరే ఊరు వెళ్ళిపోయింది. మా జవాబు అతనికి అందలేదు. మీ పిల్లలకైనా అందవలెనని మా కోరిక.