శలాకాపరీక్షయుఁ బ్రమాణాన్వేషణవిద్యయు

గ్రంథమును ధారణ చేయుట యొకటి. వలసిన విషయము గ్రంథములో నెచట నున్నదో కనుఁగొని, దాని సందర్భము నెఱిఁగి, దాని ప్రామాణ్యమును నిర్ణయించుట వేఱొకటి. మొదటిది ధారణాశక్తి, రెండవది ప్రమాణవివేకము. ఈ రెండవదానిని పాశ్చాత్యులు 1974వ సంవత్సరము మొదలుకొని యొక ప్రత్యేకవిద్యగాఁ బేర్కొనుచున్నారు. ఆ సంవత్సరమున అమెరికాదేశమున పాల్ జుర్కౌస్కీ యనునతఁడు సమాచారమును వెదకి వినియోగించుకొను నేర్పును అక్షరాస్యతతో సమానముగా నెంచి దానికిఁ బేరు పెట్టెను. పిమ్మట నచటి విశ్వవిద్యాలయములు కొన్ని యీ విద్యను ఉపన్యాసములచేతఁ గాక యాటలచేత బోధింప యత్నించినవి. ఇది యపూర్వపద్ధతియని పలువురు తలఁచుచున్నారు. పేరు క్రొత్తదే కాని పద్ధతి భారతదేశపు పాఠశాలలకుఁ బ్రాఁతది. ఆ ప్రాచీనతను నిరూపించుటయు, ఆ ప్రాఁత పద్ధతికి నేఁడు చేర్పవలసిన యంగమును జూపుటయు నీ వ్యాసమునకు ఉద్దేశము.

శాస్త్రగ్రంథముల నిర్మాణమే యీ విద్యకు మూలము. పాణినీయాష్టాధ్యాయిలో ఎనిమిది యధ్యాయములును, అధ్యాయమునకు నాలుగేసి పాదములును, సుమారు 4,000 సూత్రములును గలవు. సూత్రము యొక్క యర్థము సూత్రమునందే పూర్ణముగా నుండదు. పైసూత్రములనుండి పదములు అనువర్తించినఁగాని వాక్యము కుదురదు. తుల్యబలములైన రెండు సూత్రము లొక్కచోఁ బ్రాప్తించినపుడు పరసూత్రము ప్రబలమగును. కడపటి మూఁడు పాదములగు త్రిపాది, ముందున్న సపాదసప్తాధ్యాయిపట్ల అసిద్ధము. కావున సూత్రము కంఠస్థమై యున్నను, అది యెచట నున్నదో యెఱుఁగనివాఁడు దానిని బ్రయోగింపఁజాలఁడు. ఈ శాస్త్రమున స్థానజ్ఞానము అర్థజ్ఞానములో భాగము.

అమరసింహుని నామలింగానుశాసనమును నిట్టిదే. మూఁడు కాండలును వర్గములుగా విభక్తములై యున్నవి. స్వర్గము, భూమి, పురము మొదలగు వర్గములలో నామములు విషయక్రమమున నుండఁగా, నానార్థవర్గమునందు మాత్రము పదాంతహల్లు ననుసరించి కాంతములు, ఖాంతములు అను క్రమమున నున్నవి. వస్తువు నెఱిఁగి పేరు వెదకువానికొక త్రోవ. పేరు నెఱిఁగి యర్థము వెదకువానికి మఱియొక త్రోవ. నేఁటి గ్రంథాలయములలో విషయసూచిక, అకారాదిసూచిక అని రెండు విధములైన సూచిక లుండుటకుఁ గారణమును నిదియే. పల్లెటూరి వీథిబడిలో అమరము వల్లించిన బాలుఁడు తనకుఁ దెలియకయే యీ రెండు త్రోవలును నడచుచుండెను.

ఇట్టి గ్రంథములను జదివినవానిని బరీక్షించుటకు పూర్వులు కల్పించిన విధానములలో శలాకాపరీక్ష మిక్కిలి విలక్షణమైనది. పరీక్షకుఁడు తాళపత్రగ్రంథమును ఎదుట నుంచి, దానిలో శలాకను, అనఁగా నొక సన్నని పుల్లనో సూదినో, గ్రుచ్చును. శలాక యే పత్రముదాఁక పోయెనో యా పత్రమునందలి విషయమును విద్యార్థి వివరింపవలెను. పూర్వాపరసంబంధమును జెప్పవలెను, వచ్చిన యాక్షేపములకు సమాధాన మీయవలెను. మిథిలలోని న్యాయశాస్త్రపాఠశాలలయందు ఈ పరీక్ష ప్రసిద్ధము. పక్షధరమిశ్రునొద్దఁ జదివిన వంగదేశీయుఁడు వాసుదేవుఁడు ఈ పరీక్షలోఁ గృతార్థుఁడై సార్వభౌమబిరుదము నందెననియు, అచటి గ్రంథములను వ్రాసికొనిపోవుటకు అనుజ్ఞ లేకుండుటచే వానిని గంఠస్థము చేసికొనియే స్వదేశమునకుఁ బోయెననియుఁ బ్రతీతి కలదు.

ఈ పరీక్షకుఁ గ్రీడాస్వభావ మెట్లు కలిగెనో విచారింపవలెను. ప్రశ్నను ఎన్నుకొనువాఁడు గురువు కాఁడు, యదృచ్ఛ యెన్నుకొనును. పక్షపాతమునకుఁ జోటు లేదు. గురువునకుఁ బ్రియమైన పాఠ మిదియని శిష్యుఁ డూహించుటకు నవకాశము లేదు. గ్రంథమున నే పత్రమును ఉపేక్షింపఁదగదు. సభ చూచుచుండును, గెలుపోటములు ప్రత్యక్షములు. భయము, కుతూహలము కలసి యుండుటచే నేర్చినది మనస్సునఁ జిరకాలము నిలుచును. పాచిక వేసి యాడు నాటలకు నీ పరీక్షకును గల సామ్య మిదియే. భేదమేమనఁగా, పాచికలాటలో యదృష్టము ఫలమును నిర్ణయించును. ఇచట నది ప్రశ్నను మాత్రమే నిర్ణయించును.

ఆంధ్రదేశమున నిట్టి పని అవధానమువలన జరిగినది. అష్టావధానమున సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మొదలగునవి కవితాశక్తిని బరీక్షించును. పురాణపఠనమను నంగము మాత్రము వేఱు తెఱఁగుది. పృచ్ఛకుఁడు పురాణమునుండియో ప్రబంధమునుండియో యొక పద్యమును జదువును. అది యే గ్రంథమునందలిదో, ఎవరు ఎవరితోఁ బలికినదో, ముందు వెనుకల కథ యేమో అవధాని చెప్పవలెను. ఇదియు శలాకాపరీక్షయే, ఇచట పృచ్ఛకుని నాలుకయే శలాక. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి యను జంటకవులు ఊరూర నవధానములు సలుపుటచే నీ క్రీడ పండితసభలను దాఁటి సామాన్యులకును వినోద మయ్యెను. సందర్భము తప్పినచో సభ నవ్వును. ఆ నవ్వే యెందఱికో సందర్భశుద్ధి నేర్పినది.

అచ్చుయంత్రము ప్రబలిన పిదప స్థితి మాఱెను. గ్రంథము కంఠమును విడిచి బీరువాకుఁ జేరెను. అంతట వెదకు విద్యకు గ్రంథాలయము రంగస్థల మయ్యెను. ఈ మార్పున కోదాడ, సూర్యాపేట ప్రాంతములకు గణనీయమైన పాలు కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించుటలో మునగాల జమీందారు నాయని వేంకటరంగారావును, ఆ సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావును, రావిచెట్టు రంగారావును ముఖ్యులు. లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి, పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిక్రమమున సంకలనము చేయఁ బూనెను. అది పూర్తికాకమునుపే 1923లో నాయన కాలధర్మము నొందెను. గ్రంథాలయసభలు 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును జరిగినవి. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగుకవులు లేరను నాక్షేపమునకు సురవరము ప్రతాపరెడ్డి వాదముచేత బదు లీయలేదు. 354 కవుల రచనలను గూర్చి 1934లో గోలకొండకవులసంచికను వెలువరించెను. మాటకుఁ బ్రమాణము చూపుట యనఁగా నిట్టిది.

ఇటీవలి విశ్వవిద్యాలయములకు వత్తము. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యులు 2008 తరువాతి యేండ్లలో బిబ్లియోబౌట్స్ అను నొక యాటను నిర్మించిరి. దానిలో విద్యార్థులు ఒక విషయముపైఁ దమకు దొరకిన యాధారములను దెచ్చి యొకచోఁ జేర్తురు. పిమ్మట నొకరు తెచ్చిన యాధారములను దక్కినవారు పరిశీలించి, విశ్వసనీయమా కాదా, ప్రకృతమున కుపయోగమా కాదా యని విలువ కట్టుదురు. అట్టి పరీక్షకు నిలిచిన యాధారములతోఁ దుదకు నుత్తమమైన యాధారపట్టికను గూర్చుదురు. మన దేశమున కేంద్రీయసంస్కృతవిశ్వవిద్యాలయము నిర్వహించు నఖిలభారతశాస్త్రీయస్పర్ధలలో అష్టాధ్యాయీకంఠపాఠము, అమరకోశకంఠపాఠము, అక్షరశ్లోకి, సమస్యాపూర్తి మొదలగువానితోఁ గూడ వ్యాకరణశలాక, న్యాయశలాక మున్నగు శలాకాస్పర్ధలును జరుగుచున్నవి. మిథిలలోని సూది నేఁటికిని దుప్పు పట్టలేదు.

ఈ రెంటిని సరిపోల్చినచో గుణదోషములు స్పష్టములగును. శలాకలో విద్యార్థి గ్రంథమంతయుఁ దనలో నిముడ్చుకొనును. పాశ్చాత్యక్రీడలో నాతఁడు గ్రంథములనడుమఁ దిరుగుట మాత్రమే నేర్చును. ఈ విషయమున మన పద్ధతి గాఢతరము. కాని శలాకచేత గ్రుచ్చఁబడిన గ్రంథము ప్రమాణమా యను ప్రశ్న యచట లేదు. అది ముందే ప్రమాణమని యంగీకృతము. చేతిలోని చిన్న యంత్రమున వేయి నోళ్లు వేయి మాటలు పలుకు నీ కాలమున విద్యార్థికి మొదట నెదురగునది యా ప్రశ్నయే. కర్త తెలియని శ్లోకమునకు వ్యాసుని పేరో చాణక్యుని పేరో తగిలించి పంపినచో, కంఠపాఠమున బహుమాన మందిన బాలుఁడు సయితము దానిని నమ్మి వల్లించును.

ఇందులకు హాలియా పరిసరములందే చక్కని యుదాహరణము కలదు. నాగార్జునసాగరము ఆ పట్టణమునకు సమీపము. ఆచార్యనాగార్జునుఁడు నాగార్జునకొండయందు నివసించి విశ్వవిద్యాలయము నడపెనని యా ప్రాంతపు బాలురందఱును వినియుందురు. 1926లో నా స్థలము వెలుఁగులోనికి వచ్చిన తరువాత లాంగ్‌హర్స్ట్, రామచంద్రన్ మున్నగువారును, జలాశయనిర్మాణసందర్భమున 1954 మొదలు 1960 వఱకు సుబ్రహ్మణ్యమును త్రవ్వకములు జరిపిరి. అచట దొరకిన యిక్ష్వాకుశాసనములలో విజయపురి కలదు, శ్రీపర్వతము కలదు, అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు కలరు, బోధిసిరి యను నుపాసిక దానములు కలవు. ఆచార్యనాగార్జునుఁడు అచట నివసించెనను మాట మాత్రము లేదు. ఆ పేరు గల శాసనము కోదాడకుఁ జేరువనున్న జగ్గయ్యపేటలో దొరకినది. నాగార్జునాచార్యుని శిష్యుఁడు జయప్రభాచార్యుఁడు, అతని శిష్యుఁడు చంద్రప్రభుఁడు బుద్ధప్రతిమను నెలకొల్పెనని దానిలోఁ గలదు. దాని లిపి సుమారు 6వ శతాబ్దిది. శ్రీపర్వతమునకును నాగార్జునునకును సంబంధము చెప్పునవి టిబెట్టుదేశపుఁ గథలు. అవి మిక్కిలి యర్వాచీనములు. కావున నా వాక్యమును అసత్యమని త్రోయఁదగదు. సిద్ధమని పలుకనుం దగదు. అనుశ్రుతి యనుటయే న్యాయము.

ఇట్టి వాక్యమే శలాక తాఁకవలసిన పత్రము. ఉపాధ్యాయుఁడు పాఠ్యపుస్తకమున శలాక నుంచును. తాఁకిన పుటలోని యొక వాక్యమునకు ఒక పక్షమువారు గ్రంథాలయమునఁ బ్రమాణము వెదకి తేవలెను. ప్రతిపక్షమువారు దానిని శాసనమా, సమకాలికగ్రంథమా, అనుశ్రుతియా, నవీనుల యూహయా యని నిర్ణయించి విలువ కట్టవలెను. తుదకు మధ్యస్థుఁడు సిద్ధము, సాధ్యము, బాధితము అను మూఁటిలో నొకదానిని బలుకవలెను. ప్రమాణము దొరకలేదని నిజము చెప్పినవానికిని గెలుపులోఁ బాలుండవలెను. లేనిచో నాట కల్పితప్రమాణములకుఁ దావగును. దీనికి ధనము వలదు. శాఖాగ్రంథాలయ మొకటి, ఓపిక గల పండితుఁ డొకఁడు చాలును. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీవిశ్వవిద్యాలయము నెలకొనిన పిదప నీ ప్రాంతపు యువకులకు ఉన్నతవిద్య యింటిచెంతకు వచ్చినది. శలాకలోని గాఢతయు, క్రొత్తక్రీడలోని పరస్పరపరీక్షయు నొక్కచోఁ గూర్చి పాఠశాలలందే బాలుర కలవఱచినచో, వారు విశ్వవిద్యాలయమునకు వినినదానిని వల్లించువారుగాఁ గాక విచారించువారుగాఁ బోఁగలరు. పండితులు దీనిని బరిశీలింతురుగాక.