వెనుక సీటుపై మరొకరు: కొత్త చోదకుడు ఎప్పుడు సిద్ధమైనట్టు?

జగదల్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి దర్భా కనుమ, సుక్మా మీదుగా భద్రాచలం వైపు సాగుతుంది. ఈ దారిలో మోటారు సైకిల్‌పై మరొకరిని ఎక్కించుకోవడానికి కొత్త చోదకుడికి లైసెన్సు ఒక్కటే చాలదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) ప్రకారం, లెర్నర్ లైసెన్సుదారు తన వెనుక లైసెన్సు గల శిక్షకుడిని తప్ప వేరెవరినీ కూర్చోబెట్టుకోరాదు. శాశ్వత లైసెన్సు అందగానే ఈ ఆంక్ష తొలగిపోతుంది. అనుభవం ఎంతని చట్టం అడగదు. చిక్కంతా అక్కడే.

వెనుక మనిషి కూర్చోగానే బరువు వెనుక చక్రంపైకి జరిగి హ్యాండిల్ తేలికవుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండిని నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. కనుమ దిగేటప్పుడు అదే బరువు ముందుకు తోస్తుంది. బ్రేకును అదేపనిగా నొక్కితే అది వేడెక్కి పట్టు సడలుతుంది కనుక తక్కువ గేరులో దిగడం అలవాటు కావాలి. ఒంటరిగా ఈ మలుపులను, వానలో సైతం, తడబడకుండా దిగగలిగేంతవరకు ఆగడం మేలు. తొలి సాధన ఊళ్లోని చదును రోడ్లపై, బండి నడపడం తెలిసిన పెద్దవారిని కూర్చోబెట్టుకుని చేయాలి. పిల్లల వంతు ఆ తరువాతే.

వెనుక కూర్చునేది ఒక్కరే ఉండాలి, ఇద్దరికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లలోపు చిన్నారి ఉంటే వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదన్న నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.