రొద వెంట

నల్లగొండ చెంతనున్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రమనెడి చెరువును, ఛాయా సోమేశ్వరాలయమును ఆ వైభవమునకు నేటికిని సాక్షులు. ఆ గుడిలోని ఒక గర్భాలయమున, లింగము వెనుక గోడపై పగలంతయు ఒక నీడ నిలిచియుండును. ఏ స్తంభపు నీడయో తేల్చవలెనని వచ్చినవారు స్తంభముల కడ నిలిచి చూతురు, నీడ చెరగదు. పక్కలనుండి వచ్చు వెలుగులో పలు స్తంభముల నీడలు ఒక్కచోటనే పడుటచే అట్లగుచున్నదని పరిశీలకులు చెప్పుదురు.

ఆ యూర ఒక వృద్ధురాలి అప్పగింత పాటలు రికార్డు చేయబోయినప్పుడు ఈ నీడ మాకు మరియొక రూపమున ఎదురైనది. మైకు మిక్సరులోనికి, మిక్సరు ల్యాప్‌టాప్‌లోనికి కలిపితిమి. బొమ్మకై ఒక కెమెరాను గూడ తగిలించితిమి. పాటను నేరుగా వినవలెనను ఆశతో హెడ్‌ఫోను పెట్టుకొనలేదు. అది మా తప్పే. పాట ముగిసిన పిదప విందుము గదా, గొంతు అడుగున తుమ్మెదల గుంపువంటి రొద! మరల పాడుమని వేడితిమి. "అప్పగింతలు జేసిన పిల్లను మళ్లొకపారి అప్పజెప్పుతరా బిడ్డా?" అని ఆమె నవ్వినది. పాడలేదు.

ఈ రొద కంప్యూటరుతో పుట్టినది కాదు. తొలి టెలిఫోనులకు తీగ యొక్కటే. తిరుగు దారి భూమియే. విద్యుత్తు ట్రాములు వచ్చి వాని కరెంటును నేల వెంటనే మరలుచుండగా, మాటలలో ట్రాముల మూలుగు వినవచ్చినది. తీగలను జంటగా పెనవేయు ఉపాయమునకు గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు పొందియుండెను. తరువాతి వంతు రేడియోది. బ్యాటరీ సెట్టులో గరగరలుండవచ్చును గాని ఈ రొద లేదు. మెయిన్సు సెట్లు వచ్చినంతనే, సెకనుకు 50 మారులు ఊగు మన కరెంటు సెట్టులోనికి తొంగిచూచినది. కండెన్సర్లు ఎండిపోయిన పాత వాల్వు సెట్టును ఇంట నుంచుకొన్నవారికి ఆ ధ్వని చిరపరిచితమే. హైదరాబాదు కేంద్రము 1935లో నిజాము ప్రభుత్వాధీనమై, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ నాళ్ల నుండి నేటివరకు ఇంజనీర్లకు ఈ రొదతో పోరు తప్పలేదు.

1996లో యు.ఎస్.బి. తీగ వచ్చినది. అది సమాచారముతోబాటు కరెంటును, ఎర్తును గూడ మోయును. మిక్సరుకు ఒక ప్లగ్గు, ల్యాప్‌టాప్‌కు వేరొక ప్లగ్గు. నడుమ పాటను మోయు తీగ. ఈ మూటితో ఒక చుట్టు ఏర్పడి, దానిలో స్వల్పమైన కరెంటు తిరుగును. అదియే పాటలో కలియును. మౌసు కదిపినప్పుడు వినవచ్చు సన్నని కీచుధ్వని వేరు. అది కంప్యూటరు లోపలి సందడి.

మేము ఛార్జరు ఊడదీసితిమి. రొద సగము నిలిచినది. లాభము లేదని దానిని మరల తగిలించి, కెమెరా తీగ తీసితిమి; అప్పుడును సగమే. అప్పుడు గుడిలోని నీడ జ్ఞప్తికి వచ్చినది. రెండింటిని ఒకేసారి తీయగా నిశ్శబ్దము! ల్యాప్‌టాప్‌కు ఛార్జరు ఒక దారి, కెమెరా ఎడాప్టరు మరియొక దారి. ఒకటి తీసినపుడు దానిని తీసియే యుంచి రెండవదానిని తీయవలెనని అంతవరకు మాకు తోచలేదు.

ఇంట ఈ బాధ కలవారు పరికరములన్నిటిని ఒకే బోర్డునకు తగిలించి చూడవలెను. అప్పటికిని పోకున్న, పాట తీగ నడుమ ఐసోలేషను ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చును. ప్లగ్గు ఎర్తు కాలును విరుచువారు కలరు. రొద పోవచ్చును, ప్రాణమును పోవచ్చును. ఆ పని ఎంతమాత్రము కూడదు.

మిగిలిన పాటలు బ్యాటరీపైననే నిర్మలముగా వచ్చినవి. మొదటిదానిని స్టూడియోలో శుభ్రము చేయ యత్నించితిమి. 50, 100, 150 ఆవృత్తులను కోసిన కొలది ముసలమ్మ గొంతులోని జీరయు పోవజొచ్చెను. ఆ పాటను రొదతోనే ప్రసారము చేసితిమి.